డాబా మీదికి మంచాలెక్కించే వేళ

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి డాబాకి సొంత సామానంటూ ఏమీ ఉండేది కాదు. ఒక మూల సిమెంటు తొట్టి, బట్టలారేసే దండెం, వేసవిలో సగానికి తాటాకు పందిరి, అంతే. మే నెలలో పగలు పన్నెండింటికి పైకెళ్లి చూస్తే కాకి కూడా కనపడేది కాదు. అదే డాబా రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇంట్లో గదులన్నిటికంటే కళగా ఉండేది. మంచాలు, పక్కలు, దోమతెరలు, కూజా, ట్రాన్సిస్టరు, నాన్నగారి పడక కుర్చీ, మామిడిపళ్ల బకెట్టు. తెల్లారి ఏడింటికల్లా మళ్లీ బోడి డాబా.

ఈ ఎక్కించడం, దించడం ఏప్రిల్లో మొదలై, మృగశిర కార్తె వచ్చి గట్టిగా రెండు వానలు పడేదాకా సాగేది. పంతొమ్మిది మెట్లు. ఎవరు ఏది మోయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నవారు మంచాలు అన్నయ్య, బాబాయి. మడత మంచం నాన్నగారు ఒక్కరే చంకలో పెట్టుకుని ఎక్కేవారు. పక్కబట్టలు అమ్మ, నేను. దిండ్లు మా తమ్ముడివి. వాడు వాటిని మెట్ల మీదుగా తేకుండా పెరట్లోంచి పైకి విసిరేవాడు, సగం తులసికోట దగ్గరే పడేవి. కూజా మాత్రం నాయనమ్మ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. డెబ్భై ఏళ్ల మనిషి, కూజా చంకన పెట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ "కృష్ణా, కృష్ణా" అంటూ ఎక్కేది.

"రోజూ ఈ చాకిరీ ఎందుకమ్మా, రెండు మంచాలు పైనే పడేసి ఉంచుదాం" అని బాబాయి ఏటా ఒకసారి అనేవాడు.

"పైన వదిలేసింది ఎండదేరా, మనది కాదు" అనేది నాయనమ్మ.

ఒక ఏడాది బాబాయి మాట వినకుండా ఒక మంచం వదిలేశాడు. వేసవి అయ్యేసరికి నవారు పసుపుపచ్చగా మారి, చేత్తో లాగితే దారాలు దారాలుగా పిగిలింది. పట్టెలు బీటలిచ్చాయి. కొత్త నవారుకి బాబాయి జీతంలోంచే డబ్బు తీయించింది. అప్పటికి ఆయనకి ఉద్యోగం వచ్చి మూడు నెలలు.

సామాను కంటే ముందు నీళ్లు. ఎండ పిట్టగోడ దిగాకే మొదలుపెట్టాలి. ఆ కిటుకు నాకు దెబ్బ తింటేగానీ తెలియలేదు. ఏడేళ్లప్పుడు ఉత్సాహం కొద్దీ నాలుగింటికే ఎక్కి రెండు చిన్న బకెట్లు పోసేశాను. మొహానికి సెగ కొట్టింది, పది నిమిషాల్లో చుక్క లేకుండా ఆరిపోయింది, నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. నాన్నగారు తిట్టలేదు, కాళ్లకి వెన్న రాస్తూ చెప్పారు. శ్లాబు పగలంతా ఎండని తాగుతుంది, రాత్రంతా కక్కుతుంది. ఎండ ఉండగా పోసిన నీళ్లు దానికి ఒక గుక్కకి కూడా చాలవు. పొద్దుగూకాక పోస్తే ఆ నీళ్లు ఆరుతూ ఆరుతూ వేడిని తమతో పట్టుకుపోతాయి. అందుకే రెండు విడతలు, మధ్యలో అరగంట. పెరట్లో బోరింగు కొట్టేది ఒకరు, మెట్ల మీద అందించేది ఇద్దరు ముగ్గురు, పైన చెంబుతో చిమ్మేది అమ్మ. ఇరవై బకెట్లయినా పట్టేవి. రెండో విడత పడ్డాక తడిసిన సున్నం వాసన వచ్చేది. ఉగాదికి ముందు గోడలతో పాటు డాబా నేలకీ తెల్లసున్నం కొట్టించేవారు మరి. పగలు ఆ తెలుపు కళ్లు చెదిరేలా ఉండేది గానీ, సున్నం వేయించని పక్కింటి డాబా మీద కంటే మా డాబా మీద కాలు పెట్టడం నయం.

అంత చేసినా నేల మీద పడుకుంటే వీపు కింద పెనం పెట్టినట్టే ఉండేది. మాకేమో తుంగచాపలేసుకుని వరసగా దొర్లాలని. పదకొండు దాటేదాకా చాప వేయనిచ్చేవారు కాదు. మంచం గొప్పతనం అక్కడే, నేల నుంచి వచ్చే సెగకీ మనిషికీ మధ్య మూరెడు గాలి ఉంటుంది. నవారు అల్లిక సందుల్లోంచి కూడా గాలి ఆడుతుంది. పరుపు వేస్తే ఆ సుఖమంతా పోతుంది కాబట్టి పైన పరుపులు నిషేధం. అమ్మ పాత నూలు చీరలు నాలుగు మడతలేసి కుట్టిన బొంత, దాని మీద దుప్పటి, అంతే.

ఎండకి ఏదీ వదలకూడదన్న నాయనమ్మే ఆదివారం మధ్యాహ్నం మాత్రం మంచాలు పైకి మోయించేది. నల్లుల కోసం. నవారు మంచాలు తిరగేసి రెండు గంటలు ఉంచితే చాలు. నులక మంచం మొండిది, దాని మూలల్లో కళపెళ మరిగే నీళ్లు పోయాల్సి వచ్చేది. ఆ పని బాబాయికి మహా ఇష్టం. ఒక్కొక్క నల్లినీ పేరు పెట్టి తిట్టేవాడు. ఆ పేర్లన్నీ వాళ్ల ఆఫీసులో వాళ్లవేనని మాకు చాలా ఏళ్లకి తెలిసింది.

డాబాలో సగానికి పందిరి ఉండేది. రోజూ దించనిది అదొక్కటే, కానీ అదీ ఒక్క వేసవి మనిషే. శ్లాబుకి గుంత తవ్వలేం కదా, అందుకని నాలుగు పాత కిరసనాయిలు డబ్బాల్లో ఇసుక నింపి, అందులో సర్వి కర్రలు నిలబెట్టి, పురితాళ్లతో పిట్టగోడ తూములకి లాగి కట్టేవారు. పైన వెదురు బద్దలు, వాటి మీద తాటాకు. మార్చి నెలాఖర్లో ఒక తాత వచ్చి ఒక్క పూటలో వేసి వెళ్లేవాడు. "గాలికి దారి వదలాలమ్మా, లేకపోతే అదే దారి చేసుకుంటది" అని పందిరిని ఏడడుగుల ఎత్తున, నాలుగు పక్కలా తెరిచి ఉంచేవాడు. ఒకసారి నాన్నగారు పడమటి ఎండకి అడ్డం ఉంటుందని ఆ వైపు తడిక కట్టించారు. మే నెల గాలివానకి పందిరి తడికతో సహా లేచి వెనక వీధి వాళ్ల జామచెట్టు మీద పడింది. తాత మళ్లీ వచ్చి కట్టాడు, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాన్నగారికి ఎక్కువ బాధనిపించిందట.

పందిరి నీడ మాకోసం కాదు, శ్లాబు కోసం. దాని కింద పడే గదిలో పిల్లలం మధ్యాహ్నం పడుకునేవాళ్లం. పక్క గదికీ దానికీ తేడా గడప దాటగానే తెలిసేది.

ఇక కూజా. ఏటా కొత్తది కొనాల్సిందే. పాత కూజా పగలకపోయినా సరే. కుండ ఊరితేనే నీళ్లు చల్లబడతాయి. వాడగా వాడగా మట్టిలోని సన్నటి రంధ్రాలు నీళ్లలోని ఉప్పుకి పూడుకుపోతాయి, అప్పుడది ఉత్త పాత్ర. నాయనమ్మ కొట్లో కూజాని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పది తిరగేసి ఒకటి తీసేది. పిట్టగోడ మీద తూర్పు మూల తడి ఇసుక పోసి, ఆ ఇసుకలో కూజా కుదురుగా పెట్టి, చుట్టూ తడిగుడ్డ. లోపల నాలుగు వట్టివేళ్లు. తూర్పు మూలే ఎందుకంటే రాత్రి గాలి అటు నుంచే వస్తుంది.

ఆ గాలి గురించి చెప్పకుండా బెజవాడ వేసవి చెప్పలేం. పగలంతా పడమటి గాలి. రాళ్ల మీదుగా వచ్చే వడగాలి, చుట్టూ ఉన్న కొండలు కూడా కాలి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ గాలే. సముద్రం బందరు దగ్గర ఉంది, మాకు డెబ్భై కిలోమీటర్లు. కొన్ని రోజులు సాయంత్రానికి పడమటి గాలి ఓడిపోయి, ఎనిమిదికో తొమ్మిదికో బందరు వైపు నుంచి తేమ గాలి వచ్చేది. కొన్ని రోజులు రాదు. రాని రోజు ఆకు కదలదు, డాబాల మీద ఎవరూ మాట్లాడరు, విసనకర్రల చప్పుడే. వచ్చిన రోజు ముందు దోమతెర పొంగేది. నాన్నగారు పడక కుర్చీలోంచి "మళ్లింది" అనేవారు. పక్క డాబా మీద నుంచి ఇంకెవరో "మళ్లిందండీ" అనేవారు. వీధి వీధంతా ఒక్క మాటే.

దోమతెరకి మంచం కోళ్లకి కట్టిన నాలుగు వెదురు కర్రలు. అంచులు బొంత కిందికి గట్టిగా దోపాలి. తమ్ముడు నిద్రలో కాలు బయట పెట్టి దోమలన్నిటినీ లోపలికి పిలిచేవాడు. మంచాల వరసకి కూడా పద్ధతి ఉంది. ఉత్తరానికి తల పెట్టకూడదు. ఆడవాళ్లవి మెట్ల వైపు, మగవాళ్లవి వీధి వైపు, పిల్లలం మధ్యలో. నాయనమ్మ మంచం ఒక్కటే పందిరి కింద. ఆకాశం మీద ఆవిడకి నమ్మకం లేదు, తెల్లవారుజామున మంచు పడుతుందని. మే నెలలో మంచేంటి నాయనమ్మా అంటే, "మీకేం తెలుసర్రా" అని ముసుగు తన్నేది.

లాంతరు మనుషుల దగ్గర పెట్టేవారు కాదు. అవతలి మూల పిట్టగోడ పక్కన పెట్టి కింద పళ్లెంలో నీళ్లు పోసేవారు. పురుగులన్నీ అటే పోయి ఆ నీళ్లలో పడేవి. మాకు చుక్కల వెలుతురు చాలు. ఎలాగూ తినేది కూడా చేతికి తెలిసిన తిండే: పెరుగన్నం, ఆవకాయ, బకెట్టు నీళ్లలో పొద్దుటి నుంచీ నానిన నూజివీడు చిన్నరసాలు. రసాలు డాబా మీద తినడంలో ఉన్న సుఖం ఇంట్లో లేదు. మోచేతుల దాకా కారినా ఎవరూ అరవరు, చెంబెడు నీళ్లు పోస్తే తూములోంచి పోతుంది.

భోజనాలయ్యాక ట్రాన్సిస్టరు. విజయవాడలో రేడియో కేంద్రం 1948లో పెట్టినప్పుడు తను నాలుగో క్లాసని నాన్నగారు ప్రతి నాటకానికీ ముందు చెప్పేవారు. ఆకాశవాణి నాటకం ఉన్న రాత్రి మా వీధి డాబాలన్నిటి మీదా ఒకే గొంతు. మధ్యలో మా వీధి చివర నుంచి గుడివాడ రైలు పోయేది. ఆ రెండు నిమిషాలూ కథానాయిక ఏం చెప్పిందో సత్యనారాయణపురం మొత్తానికి తెలిసేది కాదు. పొద్దున్నే దుప్పట్ల మీద బొగ్గు నుసి. (ఇప్పుడా పట్టాలు లేవు. ఆ దారినే బస్సుల కోసమని బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు.)

1979లో వానలు సరిగ్గా పడలేదు. జులై వచ్చినా డాబా మీదే పడుకుంటున్నాం. అప్పుడే అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్న గోల. బళ్లో పిల్లలు రోజుకొక ఊరి పేరు చెప్పేవారు, ఇక్కడ పడుతుందట, అక్కడ పడుతుందట అని. కొందరు ఉన్న కోళ్లన్నీ కోసుకు తినేస్తున్నారని బాబాయి తెచ్చిన కబురు. అమ్మ భయపడి, "నాలుగు రోజులు కింద పడుకుందామండీ" అంది. నాయనమ్మ కూజాకి తడిగుడ్డ చుడుతూ, "డెబ్భై టన్నుల ఇనుము పడితే ఈ శ్లాబు ఆపుతుందా? ఎలాగూ పోయేదానికి ఉక్కలో పోవడమెందుకు" అంది. ఆ డెబ్భై టన్నుల సంగతి ఆవిడకి బాబాయి చదివి వినిపించిన పేపర్లోది. అందరం పైనే పడుకున్నాం. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడింది. మర్నాడు వార్త విని తమ్ముడు ఏడ్చాడు, చూడలేకపోయినందుకు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం అర్ధరాత్రి చినుకు. మొదటి చుక్క నుదుటి మీద పడగానే నాన్నగారు "లేవండి" అనేవారు, ఒక్కసారే. చీకట్లో, నిద్ర కళ్లతో, ఒక్క మాట లేకుండా ఎవరి సామాను వాళ్లు ఎత్తుకుని మెట్లు దిగేవాళ్లం. ఎవరూ ఎవరికీ తగిలేవారు కాదు. కిందికొచ్చాక లెక్క చూసుకునేవాళ్లం. ఒకసారి అన్నీ వచ్చాయిగానీ తమ్ముడు రాలేదు. దోమతెరతో పాటు చుట్టుకుని మెట్ల మలుపులో నిద్రపోతున్నాడు.

నాయనమ్మ 1988లో పోయింది. తర్వాత కొన్నేళ్లకి నాన్నగారు పైన రెండు గదులేసి అద్దెకిచ్చారు. డాబా ఇంకో అంతస్తు పైకి పోయింది, మెట్లు ముప్పై ఎనిమిదయ్యాయి, హాల్లోకి కూలరు వచ్చింది. ఏ వేసవిలో మానేశామో కచ్చితంగా చెప్పలేను. ఆ పై డాబా మీదికి మేం ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికే ఎక్కేవాళ్లం.

2019లో మేం హైదరాబాద్ నిజాంపేటలో ఇల్లు కట్టుకున్నాం. డాబా మీద నా చిన్నతనాన్ని తిరిగి కట్టాలని సరదా. నేనేం చేశానో చెబితే నవ్వుతారు. ప్లాస్టిక్ కేను సోఫా, మందపాటి కుషన్లు, పెద్ద గొడుగు, పచ్చగా మెత్తగా ఉన్న ప్లాస్టిక్ గడ్డి, పిట్టగోడ చుట్టూ నల్ల కడపరాయి అరుగు, తీగల మీద చిన్న చిన్న బల్బులు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరూ అక్కడే ఫోటోలు దిగారు. అది జనవరి.

ఏప్రిల్లో సాయంత్రం ఆరింటికి చెప్పుల్లేకుండా గడ్డి మీద కాలు పెట్టాను. ఏడేళ్లప్పటి బొబ్బలు గుర్తొచ్చాయి. అసలైన గడ్డి నీళ్లు తాగి చల్లగా ఉంటుంది, ఈ ప్లాస్టిక్ ఎండ తాగి కూర్చుంది. కడపరాయి అరుగు మీద రాత్రి తొమ్మిదైనా కూర్చోలేకపోయాం. నలుపు కదా. రెండో వేసవికి సోఫా కేను అప్పడంలా పటపటా విరిగింది. మెరూన్ కుషన్లు ఒక పక్క గులాబీ రంగు, ఒక పక్క మెరూన్. గొడుగు మే నెల గాలివానకి ఎగిరి పక్కింటి సోలార్ హీటరు మీద వాలింది. ఆ గాజు గొట్టాలకి మేమే డబ్బు కట్టాం. అప్పుడు పందిరి తాత మాటలు గుర్తొచ్చాయి. నాయనమ్మ మాట అంతకు ముందే గుర్తొచ్చింది గానీ, పెట్టిన డబ్బు తలచుకుని ఒప్పుకోలేదు.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, పైకప్పులకి ఎండని తిప్పికొట్టే తెల్ల పూతలు, పెంకులు వేయించుకోమని. మా ఆయన పేపరు చదివి వినిపిస్తుంటే నాకు ఉగాది ముందటి సున్నం వాసన వచ్చింది. ఆ వేసవిలోనే ప్లాస్టిక్ గడ్డి పీకించి డాబాకి తెల్ల పూత వేయించాం. కింద పడగ్గదిలో ఏసీ పెట్టే వేళ వెనక్కి జరిగింది. అరుగు మీది కడపరాయికి కూడా తెలుపు వేయిద్దామంటే మేస్త్రి ఒప్పుకోలేదు, "రాయి అందం పోతదమ్మా" అని. సరే, దాని మీద కుండీలు పెట్టాం. పందిరికి తాటాకు వేసేవాళ్లు దొరకలేదు. పచ్చ షేడ్ నెట్టు కట్టించాం, బాగా ఎత్తుగా, నాలుగు పక్కలా వదిలేసి. అందంగా లేదు. పని చేస్తోంది.

నవారు మంచం కోసం చాలా తిరిగాను. దొరికిందంతా నైలాన్ పట్టీయే. చివరికి మా అన్నయ్య విజయవాడ ఇంటి అటక మీద నుంచి ఒక పాత మంచం పట్టెలు, కోళ్లు పంపాడు, నూలు నవారు వేరే ఊరి నుంచి తెప్పించుకుని మేమే అల్లుకున్నాం. మొదటిసారి వదులుగా వచ్చి ఇద్దరం మధ్యలోకి జారిపోయాం. విప్పి మళ్లీ అల్లాం. డల్లాస్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్లో చూసి, "అమ్మా, దాన్ని రోజూ కిందికి దించుతున్నారా? నాన్నకి మోకాళ్ల నొప్పులు కదా, ఒక కవరు కొని కప్పేయొచ్చుగా" అంది. వాళ్లింటి వెనక పాటియోలో సామానుకి అలాంటి కవర్లే ఉన్నాయి. అక్కడి ఎండకి అవి కూడా రెండేళ్లకి చిరిగాయని మళ్లీ తనే చెప్పింది.

మెట్ల గదిలో ఒక చోటు చూశాం, పైకి నాలుగే మెట్లు. మంచం అక్కడ నిలబెడతాం.

మొన్న మే నెలలో ఒక రాత్రి ఒంటిగంటకి చినుకు పడింది. నాకు మెలకువ వచ్చేసరికి ఆయన లేచి దుప్పటి చుడుతున్నారు. ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన మంచం తలవైపు పట్టుకున్నారు, నేను కాళ్లవైపు పట్టుకుని చీకట్లో నాలుగు మెట్లూ దిగాం. తర్వాత నేనొక్కదాన్నే మళ్లీ పైకెళ్లి, పిట్టగోడ మీద నుంచి కూజా తెచ్చుకున్నాను, చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని.